ఓటుపెట్టె, విచారణ గది: ఎవర్టన్ క్లబ్బు కిర్క్‌బీకి వెళ్లకపోవడం వెనుక కథ
(పట్టణ ప్రణాళిక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పట్టణ ప్రణాళిక చదువుకుంటున్న మీ ముందు ఇంగ్లండులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు గురించి మాట్లాడటానికి కారణం ఉంది. 2007 ఆగస్టులో లివర్‌పూల్ నగరానికి చెందిన ఎవర్టన్ క్లబ్బు తన అభిమానుల చేత ఓటు వేయించింది. నగర సరిహద్దు దాటి, కిర్క్‌బీ అనే ఊళ్లో కట్టదలచిన కొత్త స్టేడియానికి వెళ్దామా, వద్దా అన్నది ప్రశ్న. వెళ్దామని 15,230 మంది, వద్దని 10,468 మంది చెప్పారు. నూటికి 59 మంది సరేనన్న ఆ పథకాన్ని రెండేళ్లు దాటాక, 2009 నవంబరు 26న, బ్రిటిష్ ప్రభుత్వం తిరస్కరించింది. ఈ రెండు తేదీల నడుమ జరిగింది ఒక బహిరంగ విచారణ. అధిక సంఖ్యాకులు కోరుకున్నదాన్ని ఒక విచారణ తోసిపుచ్చడం అన్యాయమని అప్పట్లో ఎందరో అభిమానులు బాధపడ్డారు. వారి బాధను నేను తక్కువ చేయను. అయినా ఈ ఉదంతాన్ని చదివిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, అభిమానుల మాటకు అసలైన బరువు దక్కిన చోటు ఆ విచారణే. ఓటు వారి ఇష్టాన్ని అడిగి ఊరుకుంది. విచారణ మాత్రం క్లబ్బు చెప్పిన ప్రతి మాటకూ రుజువు అడిగింది.

ఈ తగాదా అర్థం కావాలంటే ముందు ఎవర్టన్ అప్పటి సొంత మైదానం గూడిసన్ పార్క్ గురించి తెలియాలి. 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి యువకులు పెట్టుకున్న జట్టు మరుసటి ఏడాది ఎవర్టన్ అన్న పేరు తీసుకుని, 1884 నుంచి ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఆడింది. అక్కడ ఉండగానే 1891లో ఇంగ్లండు లీగ్ విజేతగా నిలిచింది. ఆ మైదానాన్ని గుప్పిట పెట్టుకున్న జాన్ హౌల్డింగ్ బీరు వ్యాపారి. అద్దె విషయంలోనూ, మైదానంపై పెత్తనం విషయంలోనూ ఆయనకూ క్లబ్బు సభ్యులకూ పొసగలేదు. 1892లో సభ్యులు స్టాన్లీ పార్కుకు ఆవలి వైపు స్థలం చూసుకుని సొంత మైదానం కట్టుకున్నారు. ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్‌లో ఆడించడానికి హౌల్డింగ్ మరో క్లబ్బు పెట్టాడు. అదే నేటి లివర్‌పూల్ ఎఫ్‌సీ. కాబట్టి ఎవర్టన్ అభిమానులు మైదానం మారడానికే విముఖులని ఎవరైనా అంటే నమ్మకండి. వారి పూర్వీకులు యజమాని మాట కాదని తమంతట తాముగా మైదానం మారిన వారు. మారడం మారకపోవడం గురించి కాక, ఎవరి నిర్ణయంతో ఎక్కడికి మారాలన్న దాని గురించే ఆ క్లబ్బులో ఎప్పుడూ వాదన నడిచింది.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి పెద్ద స్టేడియాల్లో గూడిసన్ ఒకటి. స్టేడియాల నిర్మాణంలో పేరు మోసిన ఆర్చిబాల్డ్ లీచ్ అక్కడ స్టాండులు కట్టాడు. 1948లో లివర్‌పూల్‌తో జరిగిన మ్యాచ్‌కు 78,299 మంది వచ్చారు. 1966 ప్రపంచ కప్పులో ఒక సెమీఫైనల్‌తో సహా ఐదు మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. ఒక మూలలో సెయింట్ లూక్స్ చర్చి స్టాండుల సందులోంచి తొంగిచూస్తూ ఉంటుంది. చనిపోయిన వందలాది అభిమానుల చితాభస్మాన్ని కుటుంబాల వారు కోరగా మైదానం అంచున పూడ్చారు. చివరికి చోటు చాలక 2004లో ఆ పద్ధతిని ఆపవలసి వచ్చింది. ఈ చివరి విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏ ప్రణాళికా నివేదికలోనూ దీనికి ఒక గడి ఉండదు.

అదే గూడిసన్‌లో ఇంకో నిజం కూడా ఉంది. చాలా సీట్లలో కూర్చుంటే ఎదుట ఇనుప స్తంభాలు అడ్డు వస్తాయి. కొన్నిచోట్ల కుర్చీలు చెక్కవి. ప్రేక్షకులందరికీ సీట్లు తప్పనిసరి చేసిన 1990ల నియమాల తరువాత కూర్చోగలిగే వారి సంఖ్య దాదాపు 40 వేలకు పడిపోయింది. నాలుగు వైపులా ఇరుకు వీధులు, వరుస ఇళ్లు, బడి, ఆ చర్చి ఉండటంతో విస్తరణకు చోటు లేకపోయింది. ఎక్కువ ధర పెట్టే అతిథుల కోసం గదులు కట్టి ఆదాయం పెంచుకునే వీలు ఇతర పెద్ద క్లబ్బులకు ఉన్నట్టు ఎవర్టన్‌కు అప్పుడు లేదు. మ్యాచ్ రోజు వచ్చే ఆదాయంలో వెనకబడితే ఆటగాళ్లను కొనడంలో వెనకబడతారు, ఆపై పట్టికలో వెనకబడతారు. ఈ లెక్కను కొట్టిపారేయడం ఎవరి వల్లా కాదు. మారాలన్న వారు గూడిసన్‌ను ప్రేమించలేదనడం వారికి అన్యాయం చేయడమే అవుతుంది.

తొలి ప్రయత్నం నగరం నడిబొడ్డున, మెర్సీ నది ఒడ్డున ఉన్న కింగ్స్ డాక్‌లో జరిగింది. ఆ స్థలాన్ని అభివృద్ధి చేసే అవకాశం ఎవర్టన్‌కు దక్కింది కూడా. అయితే తన వాటా డబ్బు సమకూర్చుకోలేక క్లబ్బు 2003లో ఆ అవకాశాన్ని పోగొట్టుకుంది. తరువాత అదే స్థలంలో సంగీత కచేరీలు, సమావేశాలు జరిగే పెద్ద వేదిక కట్టి 2008 జనవరిలో తెరిచారు. నది ఒడ్డున తమ స్టేడియం వస్తుందని ఆశపడిన అభిమానులకు ఆ దెబ్బ మానలేదు. కిర్క్‌బీ వాదనలో రెండు పక్షాల వారూ కింగ్స్ డాక్‌నే సాక్ష్యంగా తెచ్చేవారు. డబ్బు లేని క్లబ్బు నగరం మధ్యలో కట్టలేదనడానికి అదే రుజువని ఒక పక్షం అంటే, ఈ యాజమాన్యం చెప్పే లెక్కల్ని నమ్మకూడదనడానికి అదే రుజువని రెండో పక్షం అనేది.

2006లో క్లబ్బు, సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో, నోస్లీ స్థానిక మండలి కలిసి కొత్త ప్రతిపాదన తెచ్చాయి. కిర్క్‌బీలో 50 వేల మందికి పైగా పట్టే స్టేడియం, దాని పక్కనే భారీ టెస్కో దుకాణం, ఇంకా అనేక దుకాణాలు వస్తాయి. పథకం మొత్తం విలువ 40 కోట్ల పౌండ్లని ప్రచారం జరిగింది. స్టేడియానికి అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని దుకాణాల వైపు నుంచి పూడ్చడం అందులోని కీలకం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ డబ్బు ఎవరి జేబులోంచీ దానంగా రాదు. మామూలుగా అయితే అంత పెద్ద దుకాణ సముదాయానికి అనుమతి రాని నేలకు అనుమతి వస్తే, ఆ నేల విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరిగిన విలువలో కొంత స్టేడియానికి మళ్లుతుంది. అంటే క్లబ్బుకు దక్కే సాయం నిజానికి ప్రణాళికా అనుమతిలోనే ఉంది. ఆ అనుమతి ప్రజల తరఫున ఇచ్చేది. కాబట్టి ఆ సాయానికి అసలు వెల ఎవరు చెల్లిస్తారని అడిగే హక్కు ప్రజలకు ఉంది. ఓటుకు ముందు చాలామంది అభిమానులకు ఈ సంగతి ఇలా విడమరిచి ఎవరూ చెప్పలేదు.

కిర్క్‌బీ గూడిసన్ నుంచి సుమారు ఏడు కిలోమీటర్లు. మన హైదరాబాదు దూరాలతో పోలిస్తే అదేమంత దూరం కాదు. అయినా అది లివర్‌పూల్ నగర పరిధిలో లేదు, నోస్లీ మండలి పరిధిలో ఉంది. అభిమానుల మధ్య అన్నిటికన్నా వేడిగా సాగిన వాదన ఈ గీత చుట్టూనే నడిచింది. నగరం విడిచి వెళ్తే లివర్‌పూల్ నగరపు క్లబ్బు అన్న పేరు పొరుగున ఉన్న లివర్‌పూల్ ఎఫ్‌సీకే పూర్తిగా వదిలిపెట్టినట్టవుతుందని, 1878 నుంచి నగరంలో ఉన్న తామే నగరం బయటివాళ్లం అవుతామని వ్యతిరేకులు అన్నారు. 'కీపింగ్ ఎవర్టన్ ఇన్ అవర్ సిటీ' అన్న సంఘం ఆ మాటనే తన పేరుగా పెట్టుకుంది. క్లబ్బు చిహ్నం మీద ఉండే లాటిన్ వాక్యానికి ఉత్తమమైనది తప్ప మరేదీ చాలదని అర్థం. సర్దుకుపోవడానికి సిద్ధపడిన యాజమాన్యానికి ఆ వాక్యాన్నే చదివి వినిపించారు.

దీనికి కిర్క్‌బీ వాళ్లు ఇచ్చిన జవాబు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లివర్‌పూల్ మురికివాడలను కూల్చినప్పుడు వేలాది కుటుంబాలను తీసుకెళ్లి స్థిరపరిచిన ఊరు కిర్క్‌బీ. అంటే అక్కడి జనంలో పెద్ద భాగం స్కాట్లండ్ రోడ్డు, ఎవర్టన్ వంటి పేటల నుంచి వెళ్లిన వారి బిడ్డలే. తాతలను నగరం బయటికి పంపించి, ఇప్పుడు మనవళ్లను చూసి మీరు మా నగరం వాళ్లు కాదంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఓటు జరిగిన అదే ఆగస్టులో ఎవర్టన్‌లో చేరి, ఆ తరువాత పదమూడేళ్లు ఆ చొక్కా వేసుకున్న లేటన్ బెయిన్స్ కిర్క్‌బీ కుర్రాడే. పరిపాలన కోసం గీసిన సరిహద్దు గీతను మనుషుల అనుబంధాల మీద మోపడం తప్పని నేనూ అనుకుంటాను. నగరం లోపలా బయటా అన్న వాదనలో వ్యతిరేకులకు భావబలం ఉంది గాని న్యాయం మాత్రం పూర్తిగా వారి వైపు లేదు.

వారి వాదన గట్టిపడింది రాకపోకల దగ్గర. కిర్క్‌బీ జనాభా 40 వేల పైచిలుకు, స్టేడియంలో సీట్లు 50 వేల పైచిలుకు. ఊరి జనం కన్నా ఎక్కువమంది ఒకే మధ్యాహ్నం వచ్చి, ఆట ముగిశాక ఒకే గంటలో తిరిగి వెళ్లాలి. గూడిసన్‌కు నగరం నలువైపుల నుంచీ నడిచి వచ్చేవారు, బస్సు ఎక్కేవారు, దూరంగా కారు ఆపి నడిచేవారు ఉండేవారు. కిర్క్‌బీకి అలా వచ్చే దారులు తక్కువ. రైలు స్టేషను ఉన్నా దాని సామర్థ్యం పరిమితం. ఇళ్ల మధ్య వీధుల్లో కార్లు నిలపకుండా ఆంక్షలు పెట్టి, దూరాన నిలిపిన కార్ల దగ్గరికి, నగరానికి బస్సుల్లో చేరవేస్తామన్నది ప్రణాళిక. ఎముకలు కొరికే చలిలో వేల మంది బస్సు కోసం వరుసలో ఎంతసేపు నిలబడాలన్న ప్రశ్న అప్పుడు పైకి వచ్చింది. ఇది భావోద్వేగాలకు తావులేని ప్రశ్న. ఒక్కో బస్సులో ఎందరు పడతారు, గంటకు ఎన్ని బస్సులు తిరుగుతాయి, రైలుపెట్టెల్లో ఎందరు నిలబడగలరు అన్న లెక్కలతో తేలవలసిన ప్రశ్న.

ఓటు సంగతికి వద్దాం. ఓట్లు లెక్కించిన సంస్థ స్వతంత్రమైనదే, లెక్కింపులో లోపమేమీ లేదు. లోపం ఓటుకు ముందు జరిగిన దానిలో ఉంది. ప్రశ్న రూపొందించినది క్లబ్బు. ఓటుపత్రంతో పాటు చేరిన సమాచారం క్లబ్బు అభిప్రాయం. కిర్క్‌బీ తప్ప మరో దారి లేదని పదే పదే చెప్పినదీ క్లబ్బే. నగర పరిధిలోనే స్కాట్లండ్ రోడ్డు దగ్గరి స్థలాన్ని ప్రత్యామ్నాయంగా కొందరు ముందుకు తెచ్చారు గాని, దాన్ని నిష్పాక్షికంగా తూచి చూసిన నివేదిక ఏదీ ఓటరు చేతిలో లేదు. టెస్కో, క్లబ్బు, మండలి మధ్య ఒప్పందాల్లో ఏముందో సామాన్య అభిమానికి తెలియదు. కుమారుడికి సంబంధం చూసిన పెద్దలు, పిల్ల తరఫు వివరాలేవీ చెప్పకుండా, ఈ సంబంధం కాకపోతే నీకిక పెళ్లే కాదని భయపెట్టి సరే అనిపించుకున్నట్టు జరిగింది ఆ ఓటు. అంత ఒత్తిడిలోనూ నూటికి 41 మంది వద్దని చెప్పడాన్ని నేను గొప్ప విషయంగానే చూస్తాను.

2008 ఆరంభంలో నోస్లీ మండలికి దరఖాస్తు అందింది. ఆ వేసవిలో మండలి ఆమోదించింది. పథకంలో తానే భాగస్వామిగా ఉండి, దాన్ని ఆమోదించే అధికారం కూడా తానే వాడుకోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంగ్లండు చట్టం ఈ చిక్కును ముందే ఊహించింది. 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 77వ సెక్షను కింద సంబంధిత మంత్రి ఏ దరఖాస్తునైనా స్థానిక మండలి చేతుల్లోంచి తన పరిశీలనకు తెప్పించుకోవచ్చు. 2008 ఆగస్టులో మంత్రి హేజెల్ బ్లియర్స్ అదే చేశారు. 2008 నవంబరు 18న కిర్క్‌బీలోనే బహిరంగ విచారణ మొదలైంది. విచారణాధికారి వెండీ మెకే.

అటువంటి విచారణ ఎలా నడుస్తుందో మీరు తెలుసుకోవాలి. ప్రతి పక్షమూ తన వాదనను ముందుగానే రాతపూర్వకంగా దాఖలు చేయాలి. ఆ పత్రాలు ఎవరైనా చదువుకోవచ్చు. దుకాణాల వ్యాపారం మీద, రోడ్ల మీద, ఉద్యోగాల మీద నిపుణులు సాక్ష్యం ఇస్తారు. అవతలి పక్షం న్యాయవాది ఆ నిపుణుణ్ణి కూర్చోబెట్టి ఒక్కో అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడుగుతాడు. స్థానికులు లేచి మాట్లాడవచ్చు. అధికారి స్వయంగా స్థలం చూసి వస్తారు. ఆపై నివేదిక రాసి, ఆమోదించాలో తిరస్కరించాలో సిఫారసు చేస్తారు. తుది నిర్ణయం మంత్రిది. ఇక మన దగ్గర 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను కింద ఫ్యాక్టరీలకు, గనులకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరుగుతాయి. జిల్లా కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహిస్తారు. జనం అభ్యంతరాలు చెబుతారు, వాటిని నమోదు చేసుకుంటారు. సంస్థ తరఫు నిపుణుణ్ణి వరుసగా ప్రశ్నలు వేసి నిలదీసే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఆ ఒక్క తేడా వల్ల ఎంత మారుతుందో కిర్క్‌బీలో కనిపిస్తుంది.

అక్కడ ఎవర్టన్ అభిమానుల ఉద్వేగాలకు పెద్దగా చోటు దొరకలేదు. క్లబ్బు పేరు, జ్ఞాపకాలు, చితాభస్మం, నగరంతో బంధం వంటివి నేల వినియోగానికి సంబంధించిన చట్టం తూచగలిగినవి కావు. చాలామంది అభిమానులకు ఇది చేదుగా తోచి ఉంటుంది. అయినా వ్యతిరేకించిన వారు ఒక విషయం గ్రహించారు. తమ ప్రేమను వినిపించాలంటే దాన్ని ఆ గది అంగీకరించే భాషలోకి, అంటే బస్సుల సంఖ్యలోకి, దుకాణాల చదరపు మీటర్లలోకి, ప్రత్యామ్నాయ స్థలాల పోలికలోకి తేవాలని గ్రహించారు. తమ తీరిక వేళల్లో రవాణా నివేదికలు చదివి, ప్రణాళికా విధానాలు నేర్చుకుని, అధికారి ముందు నిలబడి మాట్లాడిన సామాన్య అభిమానుల మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అనుకూలంగా ఉన్నవారు కూడా అదే పని చేయవలసి వచ్చింది. ఇంకో దారి లేదని ప్రకటించడం ఓటు ముందు సరిపోయింది. విచారణలో అది చాలలేదు.

తీర్పును నిర్ణయించిన అంశం ఫుట్‌బాల్ అసలే కాదు, దుకాణాలు. కిర్క్‌బీ వంటి చిన్న పట్టణానికి అవసరమైన దానికన్నా ఎంతో ఎక్కువ వ్యాపార విస్తీర్ణం అక్కడ వస్తే బూటిల్, స్కెల్మర్స్‌డేల్, సెయింట్ హెలెన్స్ వంటి పొరుగు పట్టణాల అంగడి వీధులు దెబ్బతింటాయన్నది ప్రధానమైన అభ్యంతరం. లివర్‌పూల్ నగరపాలక సంస్థ, ఇతర పొరుగు మండళ్లు ఆ వాదనతోనే ఎదురు నిలిచాయి. దుకాణాలు లేకుండా స్టేడియానికి డబ్బు లేదు. స్టేడియం లేకుండా అన్ని దుకాణాలకు సమర్థన లేదు. ఒకదాన్ని చూపించి రెండోదానికి అనుమతి పొందాలన్న ఈ ముడిని విచారణ విప్పి చూసింది. తిరస్కరించమని అధికారి సిఫారసు చేశారు. అప్పటికి మంత్రిగా ఉన్న జాన్ డెనమ్ అంగీకరించారు. కిర్క్‌బీకి కలిగే మేలును కాదనలేదు గాని, చుట్టుపక్కల పట్టణాలకు జరిగే కీడు అంతకన్నా పెద్దదని తేల్చారు.

ఇక్కడ కిర్క్‌బీ ప్రజలను మరచిపోతే మనం న్యాయంగా మాట్లాడినట్టు కాదు. పథకం తమ వీధులను ముంచెత్తుతుందని భయపడిన వారు వారిలో ఉన్నారు. ఉద్యోగాలు వస్తాయని, ఎన్నాళ్లుగానో కళ తప్పిన తమ అంగడి వీధి బాగుపడుతుందని ఆశపడిన వారూ అంతే ఉన్నారు. ఆ ఆశ తీరడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఆ ఊళ్లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ 2021లో గాని తెరుచుకోలేదు. ఫుట్‌బాల్ చరిత్రలు రాసేవారు కిర్క్‌బీని ఎవర్టన్ తప్పించుకున్న ప్రమాదంగా వర్ణించి ముందుకు వెళ్లిపోతారు. కాయగూరలకు పక్క ఊరికి బస్సెక్కిన వారి వైపు నుంచి ఎవరూ రాయరు. నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. దాని భారాన్ని మోసినది ఎవరో కూడా చెప్పి తీరాలి.

విచారణ అంటే ఎప్పుడూ అడ్డుపడేదేనని అనుకోకుండా ఉండటానికి బ్రైటన్ ఉదాహరణ చెబుతాను. బ్రైటన్ క్లబ్బు యజమానులు గోల్డ్‌స్టోన్ మైదానాన్ని అమ్మేశాక 1997లో ఆ క్లబ్బుకు నిలువ నీడ లేకుండా పోయింది. రెండేళ్లు వేరే ఊరైన జిల్లింగమ్‌లో, ఆ తరువాత 2011 దాకా విత్‌డీన్ అనే పరుగుపందేల మైదానంలో ఆడింది. ఫాల్మర్ దగ్గర కొత్త స్టేడియం కోసం 2003లో ఒక విచారణ జరిగింది. ఆ స్థలం సుందర ప్రకృతి రక్షిత ప్రాంతంలో ఉన్నందువల్ల నివేదిక వ్యతిరేకంగా వచ్చింది. మంత్రి జాన్ ప్రెస్కాట్ వెంటనే తేల్చకుండా, వేరే స్థలాలు నిజంగా ఉన్నాయో లేవో చూడమని 2005లో విచారణను మళ్లీ తెరిపించారు. వేరే స్థలం లేదని తేలాక అదే ఏడాది అక్టోబరులో అనుమతి ఇచ్చారు. అనుమతి లేఖలో దొర్లిన పొరపాటును పట్టుకుని లూయిస్ జిల్లా మండలి కోర్టుకు వెళ్లడంతో అదీ రద్దయింది. చివరికి 2007 జులైలో హేజెల్ బ్లియర్స్ మళ్లీ అనుమతి ఇచ్చారు. ఎవర్టన్ దరఖాస్తును తెప్పించుకున్నదీ ఆవిడే. ఇంకో దారి లేదన్న మాట బ్రైటన్ విషయంలో పరీక్షకు నిలబడింది, ఎవర్టన్ విషయంలో నిలబడలేదు. బ్రైటన్ అభిమానులు చీలిపోకుండా ఒకే మాట మీద ఏళ్ల తరబడి నిలిచారు. పాట విడుదల చేశారు, స్థానిక ఎన్నికల్లో పోటీ చేశారు. ఆ ఐక్యతకు మూలం ఏమిటంటే, వారి చేతిలో పోగొట్టుకోవడానికి మైదానమంటూ మిగల్లేదు. ఎవర్టన్ వారికి గూడిసన్ అప్పటికి ఇంకా ఉంది. అందుకే వారిలో వారికి అంత బాధాకరమైన చర్చ జరిగింది.

కిర్క్‌బీ తిరస్కరణ తరువాత ఎవర్టన్ చివరికి నది ఒడ్డుకే చేరింది. నగరం ఉత్తర భాగంలో 1848లో తెరిచిన బ్రామ్లీ-మూర్ డాక్‌ను, అంటే ఓడలు నిలిపే నీటి మడుగును, పూడ్చి అక్కడ స్టేడియం కట్టాలనుకున్నారు. ఈసారి క్లబ్బు దఫాలుగా ప్రజల ముందుకు వచ్చి, నమూనాలు చూపించి, అభిప్రాయాలు అడిగింది. 2021 ఫిబ్రవరిలో నగర ప్రణాళికా సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. చారిత్రక కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అభ్యంతరం చెప్పినా, ప్రభుత్వం ఈ దరఖాస్తును తెప్పించుకోలేదు. కొన్ని నెలలకే, 2021 జులైలో, యునెస్కో లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. అందుకు చూపిన కారణాల్లో ఈ స్టేడియం కూడా ఉంది. అభిమానులు ఒకే మాట మీద ఉన్నంత మాత్రాన విచారణ అక్కరలేదా అన్న ప్రశ్న నన్ను ఇక్కడ వేధిస్తుంది. విచారణ జరిగి ఉంటే ఆలస్యమయ్యేది, ఖర్చు పెరిగేది, బహుశా ఫలితం అదే అయ్యేది. అయినా పూడ్చిన డాకును మళ్లీ తవ్వలేరు. అటువంటి నిర్ణయాన్ని ఒక్కసారైనా బహిరంగంగా పరీక్షకు పెట్టి ఉండవలసింది.

ఖర్చు గురించి కిర్క్‌బీ పక్షం వారు ఇప్పటికీ ఒక మాట అంటారు, అందులో బలముంది. కొత్త స్టేడియం కడుతున్న ఏళ్లలో క్లబ్బు ఆర్థికంగా చితికిపోయింది. లీగ్ పెట్టిన నష్టాల పరిమితి దాటినందుకు 2023-24 సీజనులో రెండు విడతలుగా మొత్తం ఎనిమిది పాయింట్లు కోల్పోయింది. 2024 చివర్లో యజమానులు మారారు. 2010ల ఆరంభంలోనే చవకలో స్టేడియం దొరికి ఉంటే ఇదంతా తప్పేదని వారి వాదన. కావచ్చు. 2025 మే 18న గూడిసన్‌లో పురుషుల జట్టు ఆఖరి మ్యాచ్ ఆడింది, ఆగస్టు 24న 52 వేల మందికి పైగా పట్టే కొత్త స్టేడియంలో తొలి లీగ్ మ్యాచ్ ఆడింది. గూడిసన్‌ను ముందు అనుకున్నట్టు కూల్చకుండా మహిళల జట్టుకు సొంత మైదానంగా ఇచ్చారు. 1920 డిసెంబరు 26న మహిళల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చిన మైదానం అది. మరుసటి ఏడాదే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం మహిళలను తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడనివ్వకుండా నిషేధించింది. వందేళ్ల తరువాత వారికి అక్కడ హక్కుగా చోటు దక్కడం నాకు చెప్పలేనంత సంతోషం కలిగించింది.

ఇక చట్టం గురించి ఒక మాట. 2025 జులైలో ఇంగ్లండులో ఫుట్‌బాల్ పాలనా చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా పెద్ద క్లబ్బులు తమ సొంత మైదానాన్ని అమ్మడానికి గాని, వదిలి వెళ్లడానికి గాని వీల్లేదు. క్లబ్బు ఆర్థిక స్థిరత్వం దెబ్బతింటుందా, వారసత్వానికి హాని జరుగుతుందా అన్నది ఆ సంస్థ చూస్తుంది. క్లబ్బులు అభిమానులను సంప్రదించడాన్ని ఆ చట్టం ఒక బాధ్యతగా చేర్చింది. కిర్క్‌బీ విచారణ తూచలేకపోయిన విషయాలను తూచడానికి ఇన్నాళ్లకు ఒక తక్కెడ దొరికింది. అయితే సంప్రదింపు ఏ దశలో జరగాలన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. 2007లో ముందు ఓటు జరిగి, తరువాత సాక్ష్యాలు వచ్చాయి. ఆ వరుస తిరగబడాలి. ఒప్పందాలు, రవాణా లెక్కలు, ప్రత్యామ్నాయ స్థలాల పోలిక బహిరంగ పరీక్షకు నిలిచిన తరువాతే ఓటుపత్రం అభిమాని చేతికి రావాలి. మన రాష్ట్రాల్లో ప్రజాభిప్రాయ సేకరణ నియమాలను ఎప్పుడు సవరించినా, నిపుణులను ప్రశ్నించే హక్కును గ్రామస్తులకు అందులో చేర్చాలని మీరు మీ వృత్తిలోకి వెళ్లాక అడగాలని కోరుతున్నాను. ఇక్కడితో ఆపి, మీ ప్రశ్నలు వింటాను.